సగం ఎనిమిది

గడ్చిరోలి ఆర్టీవో మైదానంల
సున్నంతో ఎనిమిది అంకె గీసి ఉన్నది.
యాభై మూడేండ్ల మొగిలన్న
బడి వ్యాను నౌకరికి లైసెన్సు కావాలంటే
పుట్టి బుద్ధెరిగి మొదటిసారి సీటుబెల్టు పెట్టుకున్నడు.
దాని కొక్కెం ఎక్కడుంటదో నేను చూపిన.

మొదటి సున్నా ఎడమ చుట్టు.
నీళ్ల మీద నూనె జారినట్టు వేసిండు.
ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీసిండు.
రెండో సున్నాకు కుడికి తిప్పాలె.
బండి అక్కడ్నే నిలవడ్డది.

నేను పలకలకు బోల్టులు బిగించేటోణ్ణి.
'మౌత్ కా కువా' అని రాసిన రేకు బోర్డు వెనక
ఎనభై నాలుగు టేకు పలకలు,
ఒక్కో పలకకు తొమ్మిది బోల్టులు.
అహేరి దసరాకు కట్టి విప్పి
మార్కండ శివరాత్రికి కట్టి విప్పి
చాందా మహంకాళి జాతరకు మళ్ల కట్టి...
నా అరచేతిల గీతలు లేవు, పానా గుర్తే ఉన్నది.

అన్నది మారుతి బండి. తలుపులు పీకేసినం,
సైలెన్సర్ పీకేసినం, వెనక సీటు అమ్ముకున్నం.
వెనకకు చూసే అద్దం ఆయనే విప్పిండు.
వెనక ఉన్నదే కదరా
మళ్ల ముందుకొచ్చేది, అనేటోడు.

నిమ్‌గడే సేఠ్ ఇచ్చేది పెట్రోలు, బువ్వ.
అసలు జీతం పైనుంచి వచ్చేది,
కంచె మీద వంగిన చేతులల్ల.
కుడి కిటికీలకెళ్లి నడుం దాకా లేచి
నోటు అందుకొని పండ్ల కింద పెట్టుకునేటోడు.
అహేరిల ఒక పిల్లగాడు నోటు లేక
సగం తిన్న మక్క కంకి చాపిండు.
అదీ అందుకున్నడు. అదే ఆ పూట తిండి.

చాందల, రాత్రి ఎనిమిదో ఆట.
ముప్పై ఒకటో పలక ఊగింది.
నేను తాగి ఉన్న. దాచుడెందుకు.
ఆగితే ఆయన పడుతడు, ఆగకుంటే పలక పడుతది.
ఆ పలక వచ్చినప్పుడల్లా
ఇంజను గొంతు ఇంత తగ్గిచ్చి
జానెడు, మళ్ల జానెడు కిందికి దిగిండు,
నిద్రవోయిన పిల్లను మంచంల పండవెట్టినట్టు.
పైన ఈలలు. వాళ్లకు అదొక కొత్త ఆట.
బండి దిగి, నా చెయ్యి పట్టుకొని
వాసన చూసిండు.
"ముప్పై ఒకటి" అన్నడు.
సేఠ్‌కు చెప్పలె. నాకు కూడ మళ్ల చెప్పలె.

ఆయన దిగింది కాళ్లు పోయి కాదు.
మార్కండల ఒక సాయంత్రం లెక్క మరిచిండు.
నలభై చుట్లకు దిగాల్సినోడు
బండి దగ్గేదాక తిరిగిండు.
కిందికొచ్చి, "ఏమైంది, అందరు ఎందుకు నిలవడ్డరు?" అని అడిగిండు.
ఆ రాత్రి నేనే పలకలన్నీ విప్పిన.
ఆయన బోల్టులు డబ్బాల వేసుకుంట
ఒక్కొక్కటి లెక్కపెట్టిండు, చిన్న పిల్లగాని లెక్క.

మా బిడ్డ ఫోన్ల గుణించి చెప్పింది:
చుట్టుకు ముప్పై మీటర్లు,
ఆటకు నలభై చుట్లు, ముప్పై ఏండ్లు,
పెద్దనాయిన భూమి చుట్టు తిరిగొచ్చిండు, నాయినా!
అన్న బీడి ఆర్పి నవ్విండు.
"ఎడమ దిక్కు నుంచేనా?"

కాయిదం మీద 'నాపాస్' అని గులాబి ముద్ర.
నెల ఆగి రాండ్రి అన్నడు ఇన్‌స్పెక్టరు,
పాపం, మంచోడే.

ఇప్పుడు సిరొంచల, మిర్చి ఎత్తినంక
ఖాళీ అయిన కళ్లంల
పొద్దుగాల నేను ముగ్గుతో ఎనిమిది గీస్త.
ఎర్ర గింజలు ఇంక అక్కడక్కడ ఉన్నయి,
తుమ్ములు ఆగవు.
ఎడమ సున్నా సగం నిద్రలనే వేస్తడు.
కుడికి తిప్పే కాడ మాత్రం
చెయ్యి స్టీరింగు ఇడిచి కిటికీలకెళ్లి పైకి లేస్తది,
అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు.

ఇయ్యాల బండి పక్కన ఉరుకుకుంట
ఆ చేతిల ఒక ఎండు మిరపకాయ పెట్టిన.
చూడలె. పండ్ల కింద పెట్టుకున్నడు.
బండి ఆగలె.