ఆఖరి మెట్టు

శుక్రవారం పొద్దున్న చర్చి వెనక హాల్లో
చెప్పుల డబ్బాలు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి.
లీలామ్మ సిస్టర్ నైట్ డ్యూటీ కళ్ళతోనే
సబ్బులు, బ్లేడ్లు, నెయిల్ కట్టర్లు లెక్కపెడుతుంది.
మారిసెల్ మేజోళ్ళకి జతలు కలుపుతుంది.
అకౌంట్స్ బద్రున్నీసా గారు ప్రతి డబ్బాలోనూ
ఏడు ఖర్జూరాలు పెడతారు, ఎనిమిదోది పెట్టరు.
ఎందుకంటే, వారానికి ఏడు రోజులే కదా, అంటారు.

నేను వ్యాన్ డ్రైవర్ని.
టేపు వెయ్యడం, మొయ్యడం, నోరు మూసుకోవడం నా పని.
మూడోది సరిగ్గా రాదు.
"నలభై ఆరు డిగ్రీల్లో
ఉన్ని టోపీలేంటమ్మా!" అన్నాను ఆ రోజు కూడా.
లీలామ్మ తలెత్తలేదు.
"ఓడ ఇక్కడే ఉండిపోదు మోనే."

ఫుజైరా రేవు. వెనక కాల్చిన ఇటుకలా కొండలు,
ముందు నూనె కోసం వరసలో నిలబడ్డ ఓడలు.
ఫాదర్ రోహెలియోకి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి.
గ్యాంగ్‌వే ఎక్కుతుంటే ఆయన కన్నా ముందు
ఆయన మోకాలే దేవుణ్ణి పిలుస్తుంది.
పైన ఏం చేస్తాడో నేను చూడలేదు,
నా పాసు నేల వరకే.
ఒకసారి గంటన్నర తర్వాత దిగి
వంటవాడితో కూర్చుని ఉల్లిపాయలు తరిగానన్నాడు.
ప్రార్థన చేశారా ఫాదర్, అంటే
రెండు కిలోలు, అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజు ఓడ
పాత పేరు మీద కొత్త పేరు పూసినది.
పాత అక్షరాలు కురుపుల్లా ఉబ్బి కనబడుతున్నాయి.
ఫాదర్ పైకెళ్ళాక
ఒక కుర్రాడు దిగొచ్చి ఆఖరి మెట్టు మీద ఆగాడు.
బాయిలర్ సూట్ నిండా జిడ్డు.
కాళ్ళ కింద కాంక్రీటు జానెడు దూరం.
షోర్ పాస్ లేదు,
ఆ జానెడూ ఇంకో దేశం.

డబ్బా అందించాను. మూత తీసి
టోపీని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని
"ఓలమ్మో, ఇదేటి, బుర్రకి కంబళా!" అన్నాడు.

నా చేతిలో రెండో డబ్బా జారిపోయింది.
"ఏ ఊరేటి నీది?"
"కంచిలి అవతల. మీది?"
"మందస."
బస్సెక్కితే గంట కూడా పట్టదు.

మా వైపు వాళ్ళం క్షేమం ముందు అడగం, నీళ్ళు అడుగుతాం.
"ఓడలో నీళ్ళెలాగున్నాయి?"
"మనూరి నీళ్ళకన్నా నయమే బావూ,
ఇక్కడ తుప్పు రుచి తెలస్తాది కదా."
పదకొండు నెలలట.
జీతం నాలుగు నెలల దగ్గర ఇరుక్కుపోయిందట.
అవి ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు.
తర్వాత ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని,
గింజ బుగ్గన పెట్టుకుని,

"ఈళ్ళకి నా పేరు నోరు తిరగదు.
దండాసి అంటే రాదు. డేనీ అంటారు.
మొన్న నిద్దట్లో ఎవులో
ఒరే దండాసీ అన్నట్టనిపించింది.
లెగలేదు బావూ.
నన్ను కాదనుకున్నాను."

పైనుంచి ఎవరో డేనీ అని కేకేశారు.
వెళ్ళిపోయాడు, డబ్బా చంకలో పెట్టుకుని.

సాయంత్రం తాళ్ళు విప్పారు.
నేను టైర్లలో గాలి చూస్తున్నట్టు
నాలుగు చక్రాల చుట్టూ రెండుసార్లు తిరిగాను.
ఓడకీ గట్టుకీ మధ్య
నీళ్ళు ముందు గీతలా, తర్వాత వీధిలా, తర్వాత ఏరులా.
అప్పుడు ఆగలేక
మా కళ్ళం మీద మాపిటేళ పిలిచే గొంతుతో
"ఒరే దండాసీ! ఒరేయ్!"

గార్డు కుర్చీలోంచి లేచాడు.
ఎవర్ని, అని హిందీలో అడిగాడు.
చెప్పడానికి నా దగ్గర హిందీ లేకపోయింది.
ఓడ వెనక తట్టున
చిన్న మనిషి ఒకడు కనబడ్డాడు.
ఆ ఉక్కలో, ఆ ఎండలో
తలకి ఉన్ని టోపీ.

తిరుగు దారిలో ఫాదర్ చాలాసేపు మాట్లాడలేదు.
నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకుని అడిగాడు,
మధ్యలో ఆ 'డా' అనడానికి
నాలుక ఎక్కడ మడవాలి?
చూపించాను.
సిగ్నల్ దగ్గర ఒకసారి, పెట్రోల్ బంకు దగ్గర మళ్ళీ,
రౌండబౌట్ చుట్టూ తిరుగుతూ మూడుసార్లు.
ఇంకా సరిగ్గా రాలేదు.