నాలుగో ప్లగ్గు

యశ్వంతపూర్ మార్కెట్టు యార్డు, తెల్లారుజాము నాలుగున్నర.
ఖాళీ బండి నిండా ఎర్రగడ్డ పొట్టు.
డిసెంబరు చలి ఈ ఊళ్ళో ఎముకలు కొరకదు,
వేలి కణుపుల్ని మాత్రం ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటుంది.

ఓబులేసు తాళం తిప్పుతున్నాడు.
బండి దగ్గుతోంది, దగ్గుతోంది.
గొట్టంలోంచి తెల్లపొగ,
పచ్చి డీజిలు వాసన.
ఆపైన ఏమీ లేదు.

"బ్యాటరీ కొత్తదేక్కా, పోయిన్నెల ఏసినా"
అన్నాడు, నేనింకా అడగకముందే.
మొన్న వేడినీళ్ళు పోశాడట.
నిన్న గుడ్డకు నిప్పంటించి గాలిగొట్టం ముందు పెట్టాడట.
ఇంకోసారి ఆ పని చేస్తే
నీ బండి ముట్టనని చెప్పాను.

మీటర్ల మధ్య జిలేబీ చుట్టలాంటి పసుపు దీపం
వెలిగింది, బుద్ధిగా ఆరింది.
"చూడక్కా, హీటరు బాగానే ఉంది గదా!"
ఆ దీపం అబద్ధం చెప్పదప్పా.
కరెంటు పంపానంటుంది.
అందిందని ఎప్పుడన్నా అన్నదా?

రిలే టక్కుమంది. సరే.
బ్యానెట్టెత్తి ఎనిమిదో నంబరు పానా తీశాను.
నాలుగు ప్లగ్గుల నెత్తిన ఒకే ఇత్తడి పట్టీ.
చాలామంది అది విప్పకుండానే చూస్తారు.
అప్పుడు బతికినవాడొకడు
చచ్చినవాళ్ళ తరఫున కూడా పలుకుతాడు.
నాలుగు నట్లూ విప్పి టీగ్లాసులో వేశాను.

టెస్టు లైటు కొక్కెం బ్యాటరీ ప్లస్సుకు,
ముల్లు మొదటి ప్లగ్గు నెత్తిన.
చీకటి.
రెండోది. చీకటి.
మూడోదానికి తుప్పు గీకి మళ్ళీ ఆనించాను. చీకటే.
నాలుగోది తగలగానే
నా బొటనవేలు ఎర్రగా కనబడింది.

"ముగ్గురూ ఒకేసారి పాయనా?"
ఒకేసారి ఎందుకు పోతాయి?
ఒకటి పోయినేడే పోయుంటుంది.
కర్నూలు ఎండల్లో దాని వేడి ఎవడికి కావాలి,
నీకెట్లా తెలుస్తుంది?
చలి పడ్డాక నువ్వు తాళం పట్టుకుని తిప్పిందే తిప్పడం,
పాత బ్యాటరీ అట్లా నీరసించింది పాపం.
దాన్నెంతకిచ్చినావు?
"తొమ్మిదొందలు," అన్నాడు.
కొత్తదానికి ఇంకా మూడు కంతులున్నాయని
టైరుకు చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

చల్లటి ఇంజనులోంచి ప్లగ్గు లాగకూడదు.
మా నాయన దస్తగిరి ఒకసారి తొందరపడ్డాడు,
మొన విరిగి హెడ్డులోనే ఉండిపోయింది.
రెండ్రోజులు అన్నం ముందు కూర్చుని
అన్నం వంక చూడలేదాయన.
అందుకని హమాలీలను పిలిచాం,
మనిషికి పది రూపాయలు.
నలుగురూ తోస్తే బండి లేచింది.
ఇరవై నిమిషాలు వెచ్చబడనిచ్చి, ఆపి,
నూనె చుక్కలేసి, ఊపిరి బిగబట్టి
పావు చుట్టు ముందుకు, అర చుట్టు వెనక్కు.

నాలుగూ వచ్చాయి.
మూడోదాని మొన కరిగి ఉంది.
అది ఇంజెక్టరు కారుతున్న గుర్తని చెప్పాను.
ఓబులేసుకు ఆ చెవి వినబడలేదు.

నాలుగోదాన్ని పటకారుతో పట్టి బ్యాటరీకి కలిపాను.
ఒకటి, రెండు, మూడు...
ఏడు అనేసరికి మొన రేగిపండైంది.
వాడు వంగి దాంతో బీడీ ముట్టించుకున్నాడు.
తిట్టాలనుకున్నాను,
నవ్వొచ్చి మాట తప్పిపోయింది.

నాలుగూ కొత్తవే వేశాను.
తాళం తిప్పితే వెంటనే అందుకుంది.
వాడు దండం పెట్టబోయాడు.
ఆగప్పా, వెచ్చటి ఇంజను ఎవడికైనా పలుకుతుంది.
రేపు ఇదే వేళకు చూద్దాం.

మర్నాడు నాలుగున్నర. మంచు.
పిలవకుండానే వచ్చి హమాలీలు నలుగురూ
వెనక తలుపుకు చేతులానించి నిలబడ్డారు.
పసుపు దీపం వెలిగింది. ఆరింది.
ఓబులేసు తిప్పాడు.

బండి వాళ్ళ చేతుల్లోంచి జారి వెళ్ళిపోయింది.
ఎనిమిది అరచేతులు గాల్లోనే ఉన్నాయి.
"తళ్ళోదు బేడ్వా?" అన్నాడు వాళ్ళలో చిన్నవాడు,
నిజంగానే చిన్నబుచ్చుకుని.

వాళ్ళ టీ డబ్బులు నేనిచ్చాను.
ఓబులేసు జేబులో ఆ నాలుగో ప్లగ్గుంది.
ఎందుకని అడగలేదు.