మూడు మూలల మర

శనివారం పొద్దున్న గెంట్‌లో
గ్రంథాలయం కింది గదికి తాళం తీసేది నేనే.
కాలవ మీది చలి నాతోపాటే మెట్లు దిగుతుంది.
బాగుచేయడం నా పని కాదు, నాకు మేకు కొట్టడమే రాదు.
నాది పద్దు.
తెచ్చినవాళ్ల పేరు, వస్తువు, దాని బరువు, వచ్చిన జబ్బు.
చివరి గడిలో:
లేచిందా, లేవలేదా.

గోదెలీవ్ నలభై ఏళ్లు నూలుమిల్లులో
ఆగని మగ్గం మీదే తెగిన పోగులు ముడేసిన మనిషి.
మిల్లు మూసేశారు, వేళ్లు మూతపడలేదు.
ఇప్పుడు ఇస్త్రీపెట్టెలు విప్పుతుంది.
విప్పేటప్పుడు తిడుతుంది,
బిగించేటప్పుడు మాట్లాడదు.

దుర్సున్ దర్జీ. అనతోలియా గుట్టల నుంచి
కుర్రాడప్పుడు వచ్చాడు.
ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే
వాళ్లమ్మ పెట్టుకున్న పేరట, 'ఉండనీ' అని అర్థం.
పెంట మీద పడేసి, మళ్లీ ఎత్తుకుని
పెంటయ్య అని పిలుచుకున్న తల్లులు
ఆ మాట వింటే తలాడిస్తారు.

ఆ కెటిల్ తెచ్చింది నర్సింగ్ చదివే పిల్ల.
గ్యారంటీ తీరి పదకొండు రోజులు.
లోపల చింతగింజంత స్విచ్చి పోయి ఉంటుంది, అంతే.
అడుగున మర. మర తలకి మూడు మూలల గుంట.
గోదెలీవ్ పెట్టెలో అరవై రెండు మొనలున్నాయి,
ఒక్కటీ దిగలేదు.
"ఈ తల చెక్కినవాడికి ముందే తెలుసు,
మనం వస్తామని" అంది.

ఆ రాత్రి పద్దులో ఇంకో గడి గీశాను:
ఎందుకు లేవలేదు?
పాత పేజీలన్నీ తిరగేశాను.
ముసలితనంతో పోయినవి కొన్నే.
మిగతావి జిగురుతో నోరు కుట్టేసినవి,
విడిభాగం అమ్మమన్నవి,
మూడు మూలల మరలు.
జబ్బులనుకుని రాసుకున్నాను ఇన్నాళ్లూ.
నేరాలు.

నగరసభలో మాకు మూడు నిమిషాలిచ్చారు.
అడిగింది ఒకటే,
విప్పడానికి వీల్లేని వస్తువుని
ఊరి డబ్బుతో కొనొద్దని.
గుమ్మం దగ్గర కాపలావాడు
తీబౌట్ జేబులోని స్క్రూడ్రైవర్ తీసుకుని
టోకెన్ చేతిలో పెట్టాడు.

గోదెలీవ్ లేచింది. మైకు కీచుమని, గురగురమని, చచ్చింది.
"రెండు నిమిషాల పని" అన్నాడు తీబౌట్,
"స్క్రూడ్రైవర్ కావాలి, మీ గుమ్మం దగ్గరుంది."
నవ్వారు అందరూ, అధ్యక్షురాలు తప్ప.
గోదెలీవ్‌కి మైకెందుకు?
మగ్గాల హోరు దాటి పక్క వరసని పిలిచిన గొంతు అది.
నా పద్దు చదివింది, పేరు పేరునా, బరువు బరువునా.
ఆ తర్వాత కెటిల్ని బల్ల మీద పెట్టి
"విప్పండి" అంది.

అది చేతులు మారింది.
ఒకాయన నాణెంతో ప్రయత్నించాడు,
ఒకావిడ గోరు విరగ్గొట్టుకుంది.
మా మూడు నిమిషాలూ అయిపోయాయి,
కెటిల్ ఇంకా తిరుగుతూనే ఉంది.

తీర్మానం కమిటీకి పోయింది.
కమిటీ ఎండాకాలం సెలవులకి పోయింది.
ఆకులు రాలే వేళకి సగం నెగ్గామని ఉత్తరం వచ్చింది:
బడులకు కొనేవాటికి మాత్రమే, అదీ రెండేళ్లకే.
గోదెలీవ్ చదివి, తిట్టలేదు.
బిగిస్తోందేమో అనుకున్నాను.

అన్ని వారాలూ దుర్సున్ ఒక మూల కూర్చుని
విరిగిన కుట్టుమిషను సూదిని ఆకురాయితో
అరుగుతీశాడు, చూశాడు, అరుగుతీశాడు.
నిన్న మర తిరిగింది.
చిన్న చప్పుడు, పళ్లు కొరికి వదిలినట్టు.
గదిలో అందరం లేచి నిలబడ్డాం.
లోపల స్విచ్చి మాడి బొగ్గయింది.
అలాంటిది ఎక్కడా అమ్మరు.

ఆ పిల్ల ఎప్పుడో కొత్తది కొనుక్కుంది.

చివరి గడిలో ఏం రాయమంటారు, అడిగాను.
లేచిందని రాయలేను, లేవలేదని రాయబుద్ధి కాదు.
కళ్లజోడు తుడుచుకుంటూ దుర్సున్
తన పేరు చెప్పాడు.