చాయ్ ఖాతా

మెట్టుగడ్డ కాడ పార్టీ ఆఫీసు,
దాని ఎదురుంగ నా బండి.
పార్లమెంటు ఓట్లప్పుడు దినాం మూడు వందల అరవై చాయ్‌లు.
"రాస్కో, పైసలు ఓట్లైనంక" అన్నడు బాల్చందర్ సారు.
రాస్కున్న.

లెక్కింపు నాడు పదకొండింటికి
టీవీ సప్పుడు తగ్గింది.
పన్నెండింటికి పటాకల డబ్బా సంకల పెట్టుకొని
ఎవలో ఎనుక తొవ్వల పోయిండు.
ఆ మాపు చాయ్‌లు పద్నాలుగు.
తెల్లారి ఆరు.
శనివారం రెండే, అందుల ఒకటి సగం వారబోసిండ్రు.

పేపర్ల శాతాలు రాసిండ్రట.
నాకు గ్లాసులు కడుగుతుంటెనే తెలిసింది.

పదిహేను దినాలకు సారు
ఆరుగురు సర్పంచులను ఏసుకొని
రోడ్డు అవుతలి ఆఫీసుకు పోయిండు.
మెడల రంగు మారింది,
"చక్కెర తక్కువెయ్" అనుడు మారలే.
బాకీ అడిగితే నవ్విండు:
"అది ఆ పార్టీ బాకీ, కుర్మన్నా.
నేనిప్పుడు ఈ పార్టీ."

మల్ల ఇవుతలికొచ్చిన.
కుర్సీలన్నీ ఒకదాంట్లొకటి దూరి
గోడకు ఒరిగినయ్.
చాప మీద జంగయ్య ఒక్కడే
పాత జెండలు మడత పెడుతున్నడు,
రేపెవలన్న వచ్చి అడుగుతరేమో
అన్నంత పదిలంగ.
నేను నోరు తెరవకముందే
అంగీ జేబులకెల్లి ఇరవై రూపాయలు తీసి
"నా మందం" అన్నడు.

ఆయన పేరు కొట్టేద్దామని
నోట్‌బుక్కు తిరగేసిన.
ఎన్నడూ రాయనే లేదు.
ఆయన తాగిందంతా
సారు లెక్కలనే ఉన్నది.