ఇతరములు

గుణుపురం సంతలో
ఎండుచేపల పారమ్మ నాకు మొదట ఒక 'లీడ్'.
ఫోన్ నంబరు రాసుకున్నాక 'ప్రాస్పెక్ట్'.
మాట్లాడే డబ్బా చేతిలో పెట్టగానే 'ఆన్‌బోర్డ్' అయింది.
"పడవెక్కించినావేటి బాబూ?" అంది.
ఆ నెల వంశధారలో మోకాలి లోతు నీళ్లు లేవు.

'పెయిన్ పాయింట్' కనుక్కోమన్నారు రాయగడ మీటింగులో.
నొప్పెక్కడమ్మా అంటే
చీర కొంచెం పైకెత్తి
ఎడమ మోకాలు చూపించింది, వాపుతో సహా.
నేను 'చిల్లర సమస్య' అని నింపాను.

పదిహేను రోజులకే డబ్బా తిరిగిచ్చేసింది,
పాత ఒడియా పేపర్లో చుట్టి.
అది ఇరవై అని అరిస్తే
పక్క కొట్టు సాహు తలెత్తుతున్నాడట,
నలభై అని అరిస్తే లేచొచ్చి
వడ్డీకని చెయ్యి చాపుతున్నాడట.
"దీని నోరు ముయ్యడం నీకు రాదేటి?"

ఇప్పుడు మా లెక్కల్లో ఆమె పేరు 'చర్న్'.
నిఘంటువు తీశాను. చిలకడం, అని ఉంది.
వెన్న ఎవరు తిన్నారో లేదు.

కారణం ఎంచుకోమంది ఫోను.
నాలుగు గళ్లు. మూడింటిలో పారమ్మ లేదు,
సాహు అసలే లేడు.
నాలుగోది నొక్కాను.

స్క్రీను మీద కవళ్ల పొలుసొకటి
తుడిచినా రావడం లేదు.