ఆరోది

వరి పువ్వుకి ఆరు పుప్పొడి తిత్తులు.
ఐదు తీసి ఒకటి వదిలేస్తే
తీసినట్టు కాదు.

ఇది నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.
మార్టేరు మడుల్లో పంతొమ్మిది దాళ్వాలు
గింజ నెత్తిన వాలుగా కత్తిరించి
చిమటా మొన దించి
పసుపు నలుసుల్ని ఒక్కొక్కటే పైకి లాగినదాన్ని,
లోపల మిగిలే రెండు తెల్లటి ఈకలకి
నా ఊపిరి కూడా తగలకుండా.

ఇరవయ్యో ఏడు చిన్నసారు పిలిచి మడి చూపించారు.
"నూకరత్నం గారూ, మీరు చేసిన సంకరాల్లో
సగం తల్లి పోలికేనండి."
కోప్పడలేదు. అదే బాధ.
చత్వారమని నాకు తెలుసు.
చేతులు చేతుల్లానే ఉన్నాయి,
కళ్ళే నాలుగు వేళ్ళు వెనక్కి జరిగాయి.

నెత్తికి కట్టుకునే అద్దాలు తెప్పించారు.
పదింటికల్లా చెమటకి ముక్కు మీదకి జారేవి.
పైగా తల తిప్పితే మడంతా ఊగేది
లాంచీ ఎక్కినట్టు.

పెనుగొండ సెంటర్లో
చెప్పుల కొట్టుకీ సెల్ పాయింటుకీ మధ్య
జిలానీ గారి గడియారాల బడ్డీ.
మా ఆయన వాచీ ఆరేళ్ళుగా అక్కడే ఉండిపోతే
అడగడానికి వెళ్ళి ఇదంతా చెప్పుకొచ్చాను.
ఆయన విన్నారు.
నా చిమటా తీసుకుని రెండుసార్లు నొక్కి చూసి
"గురువారం రండి" అన్నారు.

గురువారం నాటికి
చిమటా వంపు దగ్గర చిన్న కొమ్మ మొలిచింది.
కాడేమో వాచీ స్ప్రింగు ముక్క.
కొసన, ఇన్నేళ్ళూ ఆయన కంట్లో ఉన్న భూతద్దం.
పక్కన హెచ్చెమ్టీ కీ బొడిపె,
తిప్పితే అద్దం గింజంత ముందుకి, గింజంత వెనక్కి.
మొన ఎక్కడికెళ్తే చూపు అక్కడికే.
"మరి మీకో?" అన్నాను.
"గడియారాలెవరు తెస్తున్నారమ్మా" అని
బల్ల మీద దుమ్ము ఊదుకున్నారు.
డబ్బులిస్తే, వాచీకీ దీనికీ చెల్లన్నారు.
స్ప్రింగు ఎవరిదో అప్పుడర్థమయింది.

మర్నాడు మొదటి గింజలోనే దొరికింది.
ఆరోది.
ఈకల వెనక, పొట్టుకి ఆనుకుని,
బడి ఎగ్గొట్టిన పిల్లాడు తలుపు చాటున నించున్నట్టు.
ఎన్ని దాళ్వాలు నన్ను చూసి నవ్వుకున్నాడో వీడు!

దాంతోపాటు నా బొటనవేలూ కనిపించింది.
కాలవ కట్టేసిన నెలలో
అడుగు మట్టిలా, పలకలు పలకలుగా.

ఇప్పుడది వీధందరిదీ.
రొయ్యల షెడ్డు నించొచ్చిన మరియమ్మ గోటి కింద ముల్లు,
మాత్రల అట్ట మీద తారీకు,
పక్కింటి పిల్ల ముక్కుపుడక మర.
కడిగి ఇమ్మంటాను. కడగరు.

శివరాత్రి వెళ్ళాక ఓ పూట
జిలానీ గారు బస్సెక్కి వచ్చారు
తన అద్దం ఏం చూస్తోందో చూద్దామని.
చెప్పులు గట్టు మీద విడిచి బురదలోకి దిగారు.
అలవాటు కొద్దీ కంట్లో పెట్టుకోబోతే
చిమటా చెంపకి గుచ్చుకుంది.

పదిన్నరకి ఎండ కుదురుకుంది.
ఒక గింజ నోరు తెరిచింది.
ఆరు తిత్తులూ బయటికి వేలాడి
గాలికి కొట్టుకుంటుంటే
చాలాసేపు చూసి అడిగారు:
"దీనికి కీ ఎవరిస్తారమ్మా?"

జవాబు వెతుక్కునేలోగా
పక్క కంకిలో ఇంకొకటి విచ్చుకుంది,
దాని పక్కది,
ఆ వరసంతా.
కాగితం సంచులు ఇంకా సగమే తొడిగాను.
తర్వాత చెప్తానన్నాను.