గుడ్ల లెక్క

బడిలో పిల్లలు పంతొమ్మిది మందేనంటోంది
కాగితం.
పొయ్యి మీద నేను ఉడకేసేవి
ఇరవయ్యారు గుడ్లు.

ఇరవైకి తక్కువైతే
ఒక్క మాస్టారే చాలంట, రేకులకి డబ్బుల్లేవంట,
వచ్చే ఏడు ఏటికి ఆవలి బళ్ళో
కలిపేస్తారంట.
కలపడమంటే ఏంటో నాకు తెలుసు.
చారులో నీళ్ళు కలిపేదాన్ని.

మిగతా ఏడుగురూ ఎక్కడ పోయారంటే
ఏసుపాదం మాస్టారు సెల్లు తిప్పి చూపించారు.
బాతుల వెంట వచ్చినోళ్ళ పిల్లలు వాళ్ళు.
బాతులు పోతాయి, వస్తాయి,
తల్లులూ పిల్లలూ రెండేళ్ళుగా
మా గట్టు మీదే, టార్పాలిన్ కింద.
ఆధారు ఏ ఊళ్ళో ఉందో.
పేరు కొడితే తెర ఎర్రగా మెరిసి
మూసుకుంటది.
సెల్లుకి కనబడని పిల్లలు
పన్నెండున్నరకి నాకు కనబడతారు.

గవర్నమెంటు గుడ్లు పంతొమ్మిది, తెల్లవి.
మిగతా ఏడూ బాతుగుడ్లు.
వాళ్ళ అమ్మలు తెల్లారకుండా గిన్నెలో పెట్టి పోతారు,
లేత నీలం, బురద ఇంకా ఆరనివి.

అర్జీ రాయడానికి తొమ్మిది రాత్రులు పట్టింది.
మాస్టారు రాయకూడదు, ఉద్యోగం.
కొబ్బరి ఒలుపు పాకలో లైటు కింద
పంటి నడిపే నూకరాజు రాశాడు.
వాడి అక్షరాలు కూడా
ఏదో ఒక ఒడ్డుకి ఒరిగే ఉంటాయి.
"తుఫాను రాత్రి ఊరంతా పడుకుంది ఈ బళ్ళోనే,
మీ తహసీల్దారు గారు కూడా,
బెంచీ మీద, కాళ్ళు ముడుచుకుని"
అని రాయమంది పల్లాలమ్మత్త.
రాయాలా వద్దా అని గొడవ.
రాశాం. కొట్టేశాం.
మళ్ళీ రాశాం.

రొయ్యల చెరువుల వరహాలరాజు గారు
"మా పిల్లలు వ్యాన్లో పోతారు, నాకెందుకే" అన్నారు.
"మందు డబ్బా మీద తేదీ దాటిపోయిందని
మీకు చదివి చెప్పింది ఎవరండీ,
మీ కాపలావాడి కూతురు కాదూ" అన్నాను.
కాసేపు ఏరేటర్ల చప్పుడు.
పెన్ను అడిగారు.

సంతకాలు రెండొందల పద్నాలుగు.
పీచు తీసే ఆడాళ్ళ వేళ్ళకి గీతల్లేవు,
ముద్రేస్తే నున్నటి సిరా మచ్చ.
"ఇది చెల్లదేమో" అన్నాడు నూకరాజు.
"అరిగిపోయిందని పక్కన రాయి" అంది మంగాయమ్మ.

సోమవారం తొలి పంటికి పోయాం అమలాపురం.
టోకెను నూట ముప్పయ్యొకటి.
మా వంతు వచ్చేసరికి
వాళ్ళ రెండో టీ కూడా చల్లారింది.
ఆయన చిన్నవాడే, కళ్ళజోడు తుడుచుకుంటా
"పంతొమ్మిదే చూపిస్తోందమ్మా" అన్నాడు.

నేను క్యారేజీ విప్పాను.
ఫైళ్ళు కాస్త జరిపి
బల్ల మీద ఒక్కోటీ పెట్టాను, పేరు చెప్పి.
ఆశీర్వాదం. పెద్ద లోవ. చిన్న లోవ.
కాపలావాడి కూతురు దైవకృప.
పంతొమ్మిది దాటాక రంగు మారింది.
చెంగమ్మ. మునెయ్య. పోలేరి...
ఒకటి దొర్లి స్టాంపు డబ్బాకి తగిలి ఆగింది.
వెనక ఎవరో నవ్వారు.
ఆయన నవ్వలేదు.
వేలు పెట్టి, పెదాలు కదుపుతా లెక్కపెట్టాడు,
అచ్చం మా ఒకటో తరగతిలా.

"తనిఖీకి వస్తాం" అన్నాడు.
రసీదిచ్చారు. నంబరు పొడుగ్గా ఉంది,
డబ్బుల సంగతి అందులో లేదు.

తిరుగు పంటిలో ఆకలేసినా
క్యారేజీ మూత ఎవరూ తియ్యలేదు.
రేవులో చీకట్లో పిల్లలు నిలబడున్నారు.
ఆ పూట ఉత్త చారుతోనే తిన్నారు మరి.

మంగళవారం నుంచీ
ఇరవయ్యేడు వేస్తున్నా.
ఏరు దాటి వచ్చేవాడికి ఆకలేస్తది కదా.

మూడు వారాలైంది.
ఆ ఒక్కటీ సాయంత్రం దాకా
పొట్టు తియ్యకుండా ఉంచి
నూకరాజుకి ఇస్తాను.
వాడు పంటి మీద నిలబడి తింటా
ఆవలి రేవు కేసి చూస్తాడు.